తిరిగొచ్చిన పళ్ళేలు

పోయిన వారం హేసుక్‌ను నిచ్చెన మీద నిలబెట్టి వదిలేశాం. చేతిలో సుత్తి, పంటి కింద మేకులు, కిందనుంచి "ఎడమకి, ఇంకాస్త ఎడమకి" అంటూ గుమ్రాన్ పెత్తనం. మసాన్ రేవు మార్కెట్లో ఎండు నెత్తళ్ళూ నాచూ అమ్ముకుంటూ పదిమందికీ కావలసిన మనిషిగా బతికిన హేసుక్, ఆ కొట్టు పాత బోర్డును తన చేత్తోనే పీకి, "నీలిశిఖరం వ్యాపార కేంద్రం" అన్న కొత్త బోర్డు బిగించింది. ఇప్పుడు అమ్మేది నెత్తళ్ళు కాదు, పులియబెట్టిన నాచుతో చేశామని చెప్పుకునే ఆకుపచ్చ పొడి. ఒకరు కొని మరొకర్ని చేర్పించాలి, వాళ్ళు ఇంకొకర్ని చేర్పించాలి. అలా కిందికి కిందికి పాకే వ్యాపారం. హేసుక్‌ను అందులోకి దింపింది ఈ గుమ్రానే. ఇక హేసుక్ "కెంపు" మెట్టు ఎక్కాలంటే కింద ఒక్క మనిషి తక్కువ. ఆ మనిషి ఆడపడుచు మిర్యోంగే కావాలని గుమ్రాన్ పట్టు. మిర్యోంగ్‌కు ఉన్నదల్లా అద్దె ఇంటికి కట్టిన అడ్వాన్సు. దాన్ని తీయించి పొడిలో పోయించడానికి హేసుక్‌కు మనసొప్పలేదు. ప్రారంభం కానివ్వండి అక్కా, తర్వాత చూద్దాం అంటూ నెట్టుకొచ్చింది.

ఆ ప్రారంభం ఇవాళే.

తెల్లారేసరికి కొట్టు గుమ్మంలో గుడ్డ కప్పిన వెదురు బుట్ట ఉంది. గుడ్డ తీస్తే గుప్పున ఆవిరి. మధ్య మధ్య ఎర్ర అలసందల పొర వేసి ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి రొట్టె, మొహం కడిగినంత తాజాగా ఉంది. ఎవరు చేశారో అడగక్కర్లేదు. ఈ మార్కెట్లో పిండి పట్టేదీ, నువ్వుల నూనె ఆడేదీ, రొట్టె ఉడికించేదీ హేసుక్ అత్తగారే. అందరికీ ఆవిడ నూనె మిల్లు పెద్దమ్మ. ఈ పొడి గొడవ మొదలైనప్పటినుంచి ఆవిడ మంచీ అనలేదు, చెడూ అనలేదు. కోడలు పొడి పొగుడుతుంటే గానుగ చప్పుడు పెంచేది, అంతే. అలాంటి మనిషి రాత్రంతా మేలుకుని రొట్టె చేసి పెట్టింది. థాంక్స్ చెబుదామని హేసుక్ మిల్లుకు పరుగెత్తితే షట్టరు మూసి ఉంది. మొదటి బస్సుకే కూతురింటికి వెళ్ళిపోయిందని పక్కకొట్టువాళ్ళు చెప్పారు.

రొట్టె చేసి పెట్టిందే గానీ ప్రారంభం చూడడానికి మాత్రం ఇష్టం లేకపోయింది కాబోలు అనుకుంది హేసుక్. చివుక్కుమంది. మొగుడా, చేపల పడవ మీద ఎక్కడో ఉన్నాడు. అత్తయ్య కూడా లేకుండా కొట్టు తెరవడం ఏ ముచ్చట?

అయినా చీకూచింతా మొహం మీద కనబడనివ్వకుండా ముదురు నీలం కోటు తొడుక్కుంది. కోటు మీద సంస్థవాళ్ళ బిళ్ళ గుచ్చుకుంది. రొట్టె ముక్కలు కోసి, పళ్ళేలలో సర్ది, కొన్ని కొట్టులో ఉంచి, మార్కెట్టంతా తనే తిరిగి పంచింది. కొత్త కొట్టు తెరిచినవాళ్ళు రొట్టె ఇస్తే కాదనేవాళ్ళు ఆ మార్కెట్లో లేరు. ఎంత పగ ఉన్నా రెండు చేతులా తీసుకోవలసిందే. అందరూ తీసుకున్నారు. ఒక్కరూ నవ్వలేదు. చేప వడలు వేయించే మాల్సున్ అయితే పళ్ళెం అందుకుని, మూకుడులోంచి కళ్ళెత్తకుండానే పక్కన పెట్టేసింది. పనిలో ఉంది కదా అని హేసుక్ సర్దుకుంది. సర్దుకోవడం ఈమధ్య ఆవిడకు బాగా అలవాటైపోయింది లెండి.

కొట్టులో బల్ల మీద పంది తల పెట్టారు. ప్రారంభానికి నవ్వు మొహం ఉన్న తలే తేవాలంటారు, గుమ్రాన్ ఎక్కడెక్కడో వెతికి చెవులదాకా నోరు సాగిన దాన్ని పట్టుకొచ్చింది. వచ్చినవాళ్ళు దాని నోట్లో నోటు పెట్టి, వంగి మొక్కి, కొట్టు కలకాలం నడవాలని కోరుకుంటారు. నెత్తళ్ళ కొట్టు తెరిచిన రోజున నోటు పెట్టడానికి పంది నోట్లో చోటు లేక చెవుల్లో కూడా దోపారు. అదంతా హేసుక్‌కు నిన్నటిలా గుర్తుంది. ఇవాళ పంది నోట్లో ఒకే ఒక్క నోటు. అది గుమ్రాన్ పెట్టింది.

ఎవరూ రాలేదు. పొద్దెక్కింది, రేవులో పడవలు ఖాళీ అయ్యాయి, కొనుగోళ్ళ రద్దీ పలచబడింది. ఈ గుమ్మాన్ని మాత్రం చీమ కూడా తొక్కలేదు. గుమ్రాన్ ఏమీ కంగారు పడలేదు. విజయం కోసం ఎదురుచూడడం కూడా యజమానికి ఉండవలసిన గుణమని హితబోధ మొదలుపెట్టింది. ఈ సంస్థలో అందరూ యజమానులే. పొడి కొన్నవాళ్ళు యజమాని, కొనబోయేవాళ్ళు కాబోయే యజమాని. పనివాళ్ళు ఒక్కరూ లేని యజమానులు ఇంతమంది ఎలా పుట్టుకొచ్చారో అడిగే నాథుడు లేడు. పొద్దస్తమానం నెత్తళ్ళు ఏరుకున్నప్పుడు హేసుక్‌ను "ఏమే" అన్నవాళ్ళే గాని "యజమానిగారూ" అన్నవాళ్ళు లేరు. మొదటిసారి సంస్థ మీటింగు హాల్లో అంతమంది ముందు ఆ పిలుపు విన్న రోజున ఆవిడ ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి ఆ మాట తనకు తాను చెప్పుకుంది. ఆ పిలుపే కొంప ముంచింది.

మధ్యాహ్నానికి మాల్సున్ వచ్చింది.

నూనె మరకల ఏప్రన్‌తోనే వచ్చింది. చేతిలో పొద్దున్న ఇచ్చిన పళ్ళెం. ఎవరింటి పళ్ళెమైనా ఖాళీగా తిరిగివ్వడం ఆ మార్కెట్లో లేదు. రెండు పళ్ళో గుప్పెడు చేపముక్కలో, ఏదో ఒకటి పెట్టే ఇస్తారు. హేసుక్ ప్రాణం లేచొచ్చినట్టయి, రెండు చేతులూ చాచి గుమ్మందాకా ఎదురెళ్ళింది. పళ్ళెం మీద పళ్ళు లేవు. ఆకుపచ్చ పెట్టె ఉంది. నీలిశిఖరం పొడి.

"తీసుకో," అంది మాల్సున్. "ఖాళీగా ఇవ్వకూడదుగా."

మాల్సున్ వెనకే దుప్పట్లమ్మే చున్‌సిమ్ వచ్చింది. ఆవిడ పళ్ళెం మీదా పెట్టే. ఆ వెనక ఇంకొకావిడ, ఆ వెనక ఇంకా. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లోపలికొచ్చి, పంది తల పక్కనే బల్ల మీద పళ్ళెం పెట్టి, గోడవారగా నిలబడ్డారు. బల్ల నిండింది, పళ్ళేలు కింద నేల మీదికి వచ్చాయి. హేసుక్ తన చేత్తో ఎవరెవరికి అంటగట్టిందో వాళ్ళంతా వచ్చారు. మొక్కేవాళ్ళు కారు, నోటు పెట్టేవాళ్ళు కారు. పంది మాత్రం నవ్వుతూనే ఉంది.

ఇంతమంది కలిసి ముందే అనుకుని వచ్చారని తెలిసేసరికి హేసుక్‌కు తల కొట్టేసినట్టయింది. ఒక్కరైనా ముందొచ్చి చెవిలో వెయ్యలేదే అనుకుంది. ఎందుకు వేస్తారు? వాళ్ళు చెవిలో ఏదైనా వెయ్యబోయినప్పుడల్లా ఈవిడ పొడి గురించి మొదలెట్టేదాయె.

మాల్సున్ అరవలేదు. అరిస్తే బాగుండునని హేసుక్‌కు అనిపించింది. చేప వడలు ఎంతకిస్తావని అడిగినవాళ్ళకు చెప్పే గొంతుతోనే ఆవిడ తన సంగతి చెప్పుకుపోయింది. పొడి అమ్మడానికి మొదట వియ్యపురాలి దగ్గరకెళ్ళింది. ఆవిడ మొహమాటానికి ఒక పెట్టె కొంది. రెండోసారి వెళితే ఇంట్లో లేనని చెప్పించింది.

"మొన్న బస్సెక్కితే నా వియ్యపురాలు నన్ను చూసి లేచి వెళ్ళి వెనక సీట్లో కూర్చుందే. కొనమంటానేమోనని. నేను ఆసుపత్రికి పోతున్నా, నా చేతిలో సంచి కూడా లేదు."

చున్‌సిమ్‌కు చిన్నప్పటి జట్టొకటి ఉంది, నెలనెలా ఎవరో ఒకరింట్లో కలిసి భోంచేస్తారు. వాళ్ళు ఈవిడకు తెలియకుండా రోజు మార్చేసుకున్నారట. ఆ మాట చెబుతూ చున్‌సిమ్ పైకి చూసింది, కొత్త బోర్డు వెనకవైపు కనిపిస్తోంది కదా, దాన్ని చూసింది. మా చేత కొనిపించిన డబ్బుతోనేగా ఇది పెట్టావు అంది. ఎంత మెల్లగా అందో. అది నిజం కూడా.

ఇక గుమ్రాన్ ముందుకొచ్చింది. ముత్యాల పిన్ను సర్దుకుని, యజమానులందరికీ నమస్కారం అంటూ వంగింది. తమది దొంగ సంస్థ కాదని, ప్రభుత్వం దగ్గర నమోదైందని, పన్ను కడుతోందని, ఇలాంటి వ్యాపారానికి ఈ దేశంలో చట్టమే ఉందని, కావాలంటే చదివి వినిపిస్తానని అంది. ఇది అక్షరాలా నిజమేనండీ, అదే కదా ఒళ్ళు మండేది. తర్వాత మాల్సున్ వైపు తిరిగింది.

"మాల్సున్ యజమానిగారూ, మీ వడలు సాయంత్రానికి మిగిలిపోతే చేపల్ని సముద్రానికి వాపసిస్తారా? వ్యాపారమన్నాక మిగలడం ఉంటుంది. పొద్దున లాభమైతే నాది, సాయంత్రం నష్టమైతే ఊరిది అంటే అది వ్యాపారం ఎలా అవుతుంది?"

గోడవారగా ఉన్న ఇద్దరు ముగ్గురు నేల చూపులు చూశారు. అదే గుమ్రాన్ ఒడుపు, ఎదుటివాళ్ళ బతుకుల్లోంచే మాట ఏరి వాళ్ళ నోరే మూయించడం. మొన్నమొన్నటిదాకా ఆ ఒడుపు చూసి హేసుక్ ముచ్చటపడేది, ఇంటికెళ్ళి అదే మాట అభ్యాసం చేసేది. ఇవాళ మాల్సున్ మొహం వాడిపోవడం చూసి ఆవిడకు మొదటిసారి గుమ్రాన్ మాట రుచించలేదు. అయినా పైకి తేలనివ్వలేదు. మెల్లగా గుమ్రాన్ చెయ్యి పట్టుకుని, దీనికింత రభస ఎందుకక్కా, వెనక్కి తీసేసుకుందాం, మూడు నెలల్లోపు సరుకు తిరిగివ్వచ్చని మన రూల్లోనే ఉందిగా అంది. ప్రతి మీటింగులోనూ హేసుక్ మొట్టమొదట చెప్పే మాటే అది. గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించారు కూడా. సరుకు తిరిగి తీసుకునే వ్యాపారం మోసం ఎలా అవుతుందండీ అని ఎంతమంది నోళ్ళు మూయించిందో ఆ మాటతో.

గుమ్రాన్ నవ్వి, బల్ల మీంచి ఒక పెట్టె తీసుకుని, హేసుక్‌ను తెర వెనక చిన్నగదిలోకి నడిపించింది. గోనెసంచులన్నీ తీయించేసినా ఆ గదిలో ఇంకా నెత్తళ్ళ వాసన పోలేదు.

పెట్టె తిప్పి అడుగున చూపించింది. వెండిరంగు అంటుకాగితం సగానికి చిరిగి వేలాడుతోంది.

"సీలు చింపిన సరుకు సంస్థ తీసుకోదు హేసుక్. అది కూడా రూలే. చిన్నక్షరాల్లో ఉంటుంది."

హేసుక్‌కు మొదట అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. మొదటి పాఠం. సరుకు ఇంటికి రాగానే అన్ని పెట్టెల సీళ్ళూ చింపేయాలి, చింపనివాళ్ళకు తమ సరుకు మీద తమకే నమ్మకం లేనట్టు అని నేర్పే పాఠం. హేసుక్ అందరింటికీ కత్తెర పట్టుకుని స్వయంగా వెళ్ళింది. మాల్సున్ ఇంట్లో నాచు పులుసు తాగి, కూర్చుని, ఇద్దరూ పోటీపడి చింపారు. ఒక్కో సీలు ఊడినప్పుడల్లా చప్పట్లు కొట్టింది. చున్‌సిమ్ నాలుగు పెట్టెలు చింపకుండా ఉంచుకుంటానంటే, పిరికితనం వద్దక్కా అని చేతిలోంచి లాక్కుని మరీ చింపింది. కొత్త సంసారం పెట్టించినంత సంబరపడింది ఆ రోజు.

"చింపమన్నది మనమే కదా అక్కా," అంది.

"అవును."

"ఎందుకు చింపమన్నట్టు?"

గుమ్రాన్ ఆవిడ మొహంలోకి తేరిపార చూసింది. కోపం లేదు, సిగ్గు అసలే లేదు.

"నిజంగా తెలియదా నీకు? ఏమో మరి. తెలియకుండా ఉండడం నీకూ బాగానే ఉందిగా ఇన్నాళ్ళూ."

ఆ మాట హేసుక్‌కు సూటిగా తగిలింది. తగలాలి కూడా. తాను ఒక్కరోజైనా ఆ చిన్నక్షరాలు చదివిందా? రెండు రకాల నెత్తళ్ళు కలిపి అమ్మబోయిన పడవవాణ్ణి బుట్టలు తిరగేసి పట్టుకున్న మనిషికి ఒక కాగితం తిరగేసి చూడ్డానికి బద్ధకమేసిందా? బద్ధకం కాదు. చదివితే యజమాని కుర్చీ కదులుతుంది. అంతకన్నా ఏమీ లేదు. ఆ సిగ్గులోంచే కోపం తన్నుకొచ్చింది, వచ్చాక ఇక ఆగలేదు. అంతవరకూ మీరు, అక్కా అంటూ వచ్చిన నోరు ఎప్పుడు నువ్వులోకి దిగిందో ఆవిడకే తెలియలేదు.

"వడలు మిగిలితే ఏం చేస్తావన్నావు కదూ మాల్సున్ అక్కని. ఏం చేస్తుంది, రాత్రికి ఇంట్లో పులుసు పెట్టుకుంటుంది. నేను నెత్తళ్ళు అమ్మాను. అయిపోయాయి, ఇంకొన్నివ్వు అని వచ్చేవాళ్ళు జనం. ఈ పొడి అయిపోయింది, ఇంకో పెట్టె ఇవ్వు అని ఒక్క మనిషి వచ్చిందా నా దగ్గరికి? అందరూ వచ్చి అడిగింది ఒకటే. ఎవరికి అంటగట్టను, ఎవరికి అంటగట్టను అని."

"మార్కెటింగు అంటే అదేనమ్మా."

"కొట్టులో నాకు నష్టమొస్తే నేను ఏడ్చేదాన్ని. పక్కకొట్టు ఏడ్చేది కాదు. ఇందులో నా లాభమంతా మాల్సున్ అక్క నష్టం. నీ లాభమంతా నా నష్టం. ఇంక దీన్ని నాతో వ్యాపారం అనిపించకు."

గుమ్రాన్ నొచ్చుకున్నట్టు కనబడలేదు. ఇంతకంటే పెద్ద మాటలు ఎన్ని పడి ఉంటుందో. కోటు మీద దుమ్ము దులుపుకుని, ఆవేశం మంచిదే గాని ఇవాళ్టి రోజు పాడు చేసుకోకు అంది. ఇవాళ్టితో నువ్వు కెంపువి. ఆఖరి సరుకు పొద్దున్నే దిగింది, మీ ఆడపడుచు ఇంట్లో. మన అమ్మాయిలు ఇద్దరు సాయానికి వెళ్ళారు కూడా.

సాయం అంటే ఏమిటో హేసుక్‌కు తెలుసు. కత్తెరలు పట్టుకుని వెళ్ళడం. మిర్యోంగ్ అడ్వాన్సు తీసేసింది, తనకు చెప్పకుండా తీసేసింది. గుమ్రాన్ తిన్నగా వెళ్ళి తీయించేసింది. ఒక్క పెట్టెకైనా సీలు మిగిలి ఉంటే ఇప్పుడే ఆపాలి. కోటు జేబులో ఫోను కోసం తడుముకుంటుంటే గుమ్రాన్ ఆవిడ మణికట్టు మీద చెయ్యి వేసింది.

"చేసుకో, నేనొద్దనను. నీవాళ్ళని నువ్వు కాపాడుకోవడం తప్పు కాదు. కానీ ఇక్కడే నిలబడి మెల్లగా మాట్లాడు. సీలు సంగతి బయట ఉన్నవాళ్ళకి తెలిసిందంటే నా పేరు చెప్పరు. వాళ్ళింటికి కత్తెర పట్టుకొచ్చింది నువ్వు."

అదీ గుమ్రాన్ అంటే. పామును చూపించి కర్ర కూడా తనే అందిస్తుంది, ఆ కర్ర ఎవరి నెత్తిన పడాలో కూడా తనే చెబుతుంది. తెర అవతల పళ్ళేల చప్పుడు, చున్‌సిమ్ గొంతు సవరించుకున్న చప్పుడు వినిపిస్తున్నాయి. నిజమే, వెనకగదిలో గుసగుసగా రెండు మాటలు చాలు. మిర్యోంగ్ గట్టెక్కుతుంది. బయటివాళ్ళు ఇంకో నెల తిట్టుకుని మర్చిపోతారు. ఎవరికీ తెలియదు. హేసుక్ ఆ గదిలో ఎంతసేపు నిలబడిందో మరి, నిలబడిందనైతే చెప్పక తప్పదు. మన కథానాయిక దేవత కాదు.

తర్వాత చెయ్యి విదిలించుకుని, తెర తోసుకుని ముందు గదిలోకి వచ్చింది. పళ్ళేల మధ్య కాలు మోపడానికి చోటు చూసుకుంటూ వచ్చి, బల్ల పక్కన నిలబడి, ఫోను అందరికీ వినబడేట్టు స్పీకరు పెట్టింది.

మిర్యోంగ్ రెండో మోతకే ఎత్తింది. గొంతులో హుషారు. వదినా, కంగ్రాచ్యులేషన్స్, కొట్టు బాగా తెరిచారా, జనం వచ్చారా అంది. జనం వచ్చారు అంది హేసుక్. గోడవారగా ఉన్నవాళ్ళంతా ఆవిడ మొహం కేసే చూస్తున్నారు.

"మిర్యోంగ్, పెట్టెల సీళ్ళు చింపొద్దు. కత్తెర కింద పెట్టేయ్. చింపితే సంస్థ వెనక్కి తీసుకోదు. అందుకే మన చేత చింపిస్తారు. నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఇక్కడ మాల్సున్ అక్కవీ, చున్‌సిమ్ అక్కవీ, అందరివీ నేనే చింపించాను. వాళ్ళ సరుకు ఇంక ఎవరూ తీసుకోరు. నువ్వైనా ఆపు."

మాల్సున్ ఒక పెట్టె చేతిలోకి తీసుకుని తిరగేసింది, అడుగున వేలాడుతున్న వెండి కాగితం వేలితో తాకి చూసింది. ఆ రాత్రి పులుసు తాగుతూ ఇద్దరూ పోటీపడి చింపింది ఆవిడకూ గుర్తొచ్చి ఉంటుంది. చున్‌సిమ్ గోడకు జారగిలబడి అలాగే నేల మీద కూర్చుండిపోయింది. తిట్టలేదు, ఏడవలేదు. అంతకంటే ఏదైనా నయమే అనిపించింది హేసుక్‌కు.

తర్వాత మిర్యోంగ్ అంది, గొంతులో హుషారు ఎక్కడికి పోయిందో.

"వదినా, నా అడ్వాన్సు నా దగ్గరే ఉంది. ఈ సరుకు నాది కాదు. అమ్మది."

ఎవరిదన్నావు అంది హేసుక్. వినబడక కాదు.

ఫోను చేతులు మారిన గరగర. తర్వాత గానుగ హోరులో పలికీ పలికీ గట్టిపడిన ఆ గొంతు. అత్తగారు. ఫోన్లో మాట్లాడడం రానివాళ్ళలాగ పెద్దగా, ఒక్కో మాటా విడదీసి.

"అమ్మాయ్, రొట్టె బాగా కుదిరిందా? ఉప్పు సరిపోయిందా?"

"అత్తయ్యా, మీరేం చేశారు?"

"నన్నడగడానికి నువ్వు మొహమాటపడుతున్నావుట. ఆ గుమ్రాన్ వచ్చి చెప్పిందిలే. ఒక్క మనిషి తక్కువై పదిమందిలో నీ తల దిగిపోతుందంది. నాకు ఆ పొడీ తెలియదు, ఆ మెట్లూ తెలియవు. నా కోడలు ఎవరి ముందూ తల దించుకోకూడదు, అంతే. మిల్లు తాకట్టు పెట్టేశా. నీకు ముందే తెలిస్తే వద్దంటావని సరుకు ఇక్కడికి తెప్పించా."

హేసుక్‌కు అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. మూసి ఉన్న షట్టరు, మొదటి బస్సు, గుమ్మంలో ఆవిరి కక్కుతున్న బుట్ట. అప్పుడు తన మనసు చివుక్కుమన్నది కూడా.

"సీళ్ళు, అత్తయ్యా," అంది ఎలాగో. "సీళ్ళు చింపకండి."

అవతల ముసలావిడ నవ్వింది. మురిపెంగా నవ్వింది.

"సరుకు దిగగానే చింపేశానమ్మా అన్నీ. ఒక్కటీ మిగల్లేదు. మొదటి పాఠం అదేనటగా, నువ్వే అందరికీ చెబుతావటగా."

మాల్సున్ చేతిలో పెట్టె పళ్ళెంలో పడి ఠంగుమంది. ఎవరో అబ్బా అన్నారు. ఈ మార్కెట్లో ఆ మిల్లు నూనె వాడని ఇల్లు లేదు. పెళ్ళికైనా చావుకైనా ఆవిడ ఉడికించిన రొట్టె తిననివాళ్ళు లేరు. అంతవరకూ హేసుక్ మీద ఉన్న చూపులన్నీ మెల్లగా తెర వైపు తిరిగాయి. తెర దగ్గర గుమ్రాన్ నిలబడి ఉంది. హ్యాండుబ్యాగు భుజాన వేసుకుంది, బూట్ల కోసం చూస్తోంది.

"నేనొక్క అబద్ధం చెప్పలేదు," అంది గుమ్రాన్, అడగకుండానే. "తల్లి వినే మాట చెప్పాను. అమ్మకమంటే అదే." అని పళ్ళేల మధ్యనుంచి ఒడుపుగా అడుగులు వేసుకుంటూ గుమ్మం వైపు నడిచింది.

హేసుక్ ఫోను పంది తల పక్కన పెట్టింది. అవతల అత్తగారు ఇంకా ఏదో అడుగుతూనే ఉంది, జనం బాగా వచ్చారా, రొట్టె అందరికీ సరిపోయిందా అని. హేసుక్ నీలం కోటు విప్పి నేల మీద పారేసింది. గుమ్రాన్ కన్నా ముందు గుమ్మం చేరుకుని, నెత్తళ్ళ కొట్టు రోజులనుంచి అలవాటైన ఆ ఇనప కొక్కెం పట్టుకుని, ఒక్క ఊపున షట్టరు లోపలినుంచి కిందికి లాగేసింది. గది చీకటైంది. తాళం కింద బిగించి, తాళంచెవి తీసుకెళ్ళి మాల్సున్ ఏప్రన్ జేబులో వేసింది.

"కూర్చో గుమ్రాన్," అంది. "రొట్టె తినకుండా వెళ్తే ఎలా? మా అత్తయ్య చేసింది."